ఇరవై ఆరు డిగ్రీలు

ఆ రోజు లాగ్ ఫైల్ ఇంకా నా లాప్‌టాప్‌లోనే ఉంది. సైజు రెండు ఎంబీ కూడా ఉండదు. అందులో ఒక వరుస ఇది: ఇంజన్ వేగం 4380, మానిఫోల్డ్ పీడనం 148 కిలోపాస్కల్స్, గాలి వేడి 71 డిగ్రీలు, స్పార్క్ అడ్వాన్స్ 26. ఇంజన్ ట్యూనింగ్ తెలిసినవాడికి ఈ నాలుగు అంకెలు చాలు, ఏమైందో అర్థమైపోతుంది. మిగతా బ్రాంచిల వాళ్ల కోసం మొదట్నుంచీ చెప్తాను. మెకానికల్ వాళ్లు మధ్యలో నవ్వుకోవద్దు.

ఫైనలియర్ ప్రాజెక్ట్‌కి మా బ్యాచ్ నలుగురం. మిగతా బ్యాచ్‌లు సోలార్ డ్రయ్యర్లు, బయోడీజిల్ బ్లెండ్లు అంటుంటే, మేం మాత్రం పాత పెట్రోల్ ఇంజన్‌కి టర్బో పెడతామని టైటిల్ ఇచ్చేశాం. ఇంజన్ ఎక్కడిదంటే మా పెదనాన్నది. ఆయన దగ్గర పాత మారుతి జెన్ ఉంది, 993 సీసీ, నాలుగు సిలిండర్లు, ఎంపీఎఫ్ఐ మోడల్. అక్కని స్కూల్లో దింపడానికి కొన్న కారు. అక్క పెళ్లై కాన్‌బెర్రా వెళ్లిపోయింది, కారు మాత్రం కొబ్బరి తోటలో షెడ్డు కింద ఉండిపోయింది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించలేదు.

"తీసుకెళ్లరా. కానీ ఒక మాట. అది మళ్లీ నడుస్తూ తోటకి రావాలి. ముక్కలు చేసి గోనెసంచిలో తెస్తే నేనొప్పుకోను" అన్నాడు పెదనాన్న.

"నడుస్తూనే తెస్తా పెదనాన్నా" అన్నాను.

తేలిగ్గా అనేశాను. ఆ మాట తర్వాత చాలా రాత్రులు గుర్తొచ్చింది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి రేపు ఎవడో ఒకడు వాళ్ల నాన్న కారు మీద పడతాడు. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 అని ఒకటుంది. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చి రోడ్డెక్కించడం కుదరదు. అందుకే మా కారు ట్రాలీ మీదే కాలేజీకి వచ్చింది, ట్రాలీ మీదే ఆటోనగర్ వెళ్లింది. పరుగు తీసిందల్లా కాలేజీ వెనక, హాస్టల్ నుంచి వాటర్ ట్యాంకు దాకా ఉన్న సిమెంటు రోడ్డు మీదే.

టర్బో విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. అక్కడ దొరకనిదేదైనా ఉంటే దాన్నింకా ఎవరూ తయారు చెయ్యలేదని మా మేస్త్రిగారి నమ్మకం. 1.3 లీటర్ల డీజిల్ కారు నుంచి దిగిన చిన్న టర్బో అది, అరచేతిలో పట్టేంత. షాఫ్ట్‌ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపి, "ఆట లేదు, తీసుకో" అన్నాడాయన. తర్వాత మా మొహాలు చూసి, "డీజిల్‌ది పెట్రోల్‌కి పెడతారా? ఇది ఎర్రగా కాలుద్ది బాబూ" అని నవ్వాడు.

ఆయన నవ్వులో రెండు పాఠాలున్నాయని తర్వాత తెలిసింది. మొదటిది వేడి. పెట్రోల్ ఇంజన్ పొగ డీజిల్ పొగ కంటే చాలా వేడిగా వస్తుంది, ఫుల్ లోడులో 900 డిగ్రీలు దాటడం మామూలే. డీజిల్ కోసం పోత పోసిన టర్బైన్ హౌసింగ్ అంత వేడిని ఎక్కువసేపు తట్టుకునే రకం కాదు. ఓ రాత్రి బానెట్ ఎత్తి చూస్తే హౌసింగ్ నిజంగానే కుంపట్లో బొగ్గులా నారింజ రంగులో మెరుస్తోంది. అందరం ఫోన్లు తీసి ఫొటోలు కొట్టుకున్నాం. భయపడాల్సిన చోట ఫొటోలు తీసుకున్నాం, అదీ మా వయసు.

రెండోది వేస్ట్‌గేట్. బూస్ట్ ఎక్కువైతే పొగని టర్బైన్ పక్కనుంచి మళ్లించే చిన్న తలుపు అది. డీజిల్ ఇంజన్ బూస్ట్‌కి భయపడదు కాబట్టి దాని స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది, ఒక బార్ దాటాక గానీ తలుపు తెరుచుకోదు. మాకు కావలసింది అర బార్. మేస్త్రిగారు ఆక్చుయేటర్ కోసి మెత్తటి స్ప్రింగ్ పెట్టి మళ్లీ మూసేశాడు. సైకిల్ పంపు, టైర్లకి గాలి కొట్టే చోట ఉండే గేజ్ పెట్టి, సరిగ్గా అర బార్ దగ్గర రాడ్ కదులుతోందని చూపించాడు. మూడొందలు తీసుకున్నాడు. ప్రాజెక్ట్ మొత్తంలో నిక్కచ్చిగా పనిచేసిన భాగం ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇక గొడవంతా గాలి దారి దగ్గర మొదలైంది.

మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. వాణ్ని అందరం పంతులు అంటాం. ఏదడిగినా బోర్డు దగ్గర నిలబడి చెప్పినట్టు చెప్తాడు. నాకు ఫస్టియర్ నుంచి రూమ్మేట్. ఇన్‌టేక్ పైపులన్నీ వాడి పని, ఈసీయూ నా పని అని పంచుకున్నాం. ఫిల్టర్ ముందు గ్రిల్ వెనకాల ఉండాలని, అక్కణ్నుంచి పొడుగాటి పైపుతో బయటి చల్లగాలి టర్బోకి రావాలని వాడు. అంత పైపెందుకు, టర్బో మూతికే కోన్ ఫిల్టర్ బిగిస్తే సరిపోతుందని నేను. నా అసలు కారణం మీకు చెప్పేస్తున్నా: బానెట్ ఎత్తగానే ఎర్ర కోన్ ఫిల్టర్ కనపడాలి, టర్బో గాలి పీల్చే ఈల వినపడాలి. వీడియోలో అదే బాగుంటుంది.

వాడు లెక్క వేసి చూపించాడు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు అడుగు పట్టుకుంటే తెలుస్తుంది కదా. ఏప్రిల్‌లో బయటి గాలి 40 డిగ్రీలు అనుకోండి. అర బార్ బూస్ట్ అంటే పీడనం ఒకటిన్నర రెట్లు. కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే బయటికొచ్చే గాలి దాదాపు 100 డిగ్రీలు. అదే బానెట్ కింద ఉడికిన 65 డిగ్రీల గాలిని పీలిస్తే, బయటికొచ్చేది 130 డిగ్రీలకి దగ్గర. వేడి గాలి పలచన. ఒకటిన్నర రెట్లు పీడనం పెంచామని మనం సంబరపడతాం గానీ, 100 డిగ్రీల గాలి అలాగే లోపలికి వెళితే నిజంగా పెరిగే గాలి 26 శాతమే. ఇంటర్‌కూలర్ పెట్టి 60 డిగ్రీలకి దించితే 41 శాతం. ఇంటర్‌కూలర్ అనేది అలంకారం కాదని ఆ ఒక్క లెక్కతో తేలిపోయింది. అదే డీజిల్ కారు ఇంటర్‌కూలర్ ఆటోనగర్‌లోనే తెచ్చాం. ఫిల్టర్ దగ్గర మాత్రం నేను వినలేదు. "ఎటూ ఇంటర్‌కూలర్ ఉందిగా, అదే చూసుకుంటుంది" అన్నాను. మిగతా ఇద్దరూ నాకు ఓటేశారు, ఎందుకంటే వాళ్లకీ ఈల కావాలి. పంతులు భుజాలెగరేసి ఊరుకున్నాడు.

గాలిని ఎలా కొలవాలన్నది ఇంకో ప్రశ్న. రెండు దారులున్నాయి. ఒకటి, ఫిల్టర్ తర్వాత వేడి తీగ సెన్సర్ పెట్టి వెళ్లే గాలి బరువునే కొలవడం. దాన్ని మాఫ్ అంటారు. రెండోది, మానిఫోల్డ్‌లో పీడనాన్ని మ్యాప్ సెన్సర్‌తో, వేడిని ఇంకో సెన్సర్‌తో కొలిచి, ఇంటర్లో చదివిన ఆదర్శ వాయు సమీకరణంతో సిలిండర్లోకి ఎంత గాలి వెళ్లిందో లెక్క కట్టడం. దీన్ని స్పీడ్-డెన్సిటీ అంటారు. మేం రెండోది తీసుకున్నాం. చవక, గాలి దారికి అడ్డం ఉండదు, పైగా థ్రాటిల్ మూసినప్పుడు బూస్ట్‌ని బయటికి వదిలే బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టుకోవచ్చు. మాఫ్ ఉంటే అలా వదలకూడదు. కొలిచేసిన గాలి బయటికి పోతే, అది లోపలికి వెళ్లిందనుకుని ఈసీయూ పెట్రోల్ పోసేస్తుంది, బండి ముక్కుతుంది. మ్యాప్‌తో ఆ బాధ లేదు. మధ్య పైపుల్లో ఏం జరిగినా సెన్సర్‌కి పట్టదు, మానిఫోల్డ్‌లో ఎంతుంటే అంతే చెప్తుంది.

ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. కథంతా దీని మీదే తిరుగుతుంది.

ఫ్యాక్టరీ ఈసీయూ మాకు పనికిరాదు. దాని దృష్టిలో ప్రపంచంలో వాతావరణ పీడనాన్ని మించిన పీడనం లేదు. బయట అమ్మే స్టాండలోన్ ఈసీయూల ధరలు చూసి మూసేశాం. చివరికి స్పీడ్యునో దొరికింది. ఆర్డుయినో మెగా మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ, ఆస్ట్రేలియాలో జోష్ స్టువర్ట్ అనే ఆయన మొదలుపెట్టింది. ఫస్టియర్లో ఎల్ఈడీ మిణుకు మిణుకుమనిపించడానికి వాడే జాతి బోర్డే, ఇంజన్‌ని నడుపుతుంది! 250 కిలోపాస్కల్స్ దాకా చదివే మ్యాప్ సెన్సర్ పెట్టాం. క్రాంక్ పుల్లీకి 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం వెల్డ్ చేశాం. ఆ ఖాళీ పన్ను వచ్చినప్పుడల్లా క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకి తెలుస్తుంది. టైమింగ్ లైట్ కొట్టి, తెర మీద 10 డిగ్రీలంటే పుల్లీ మీద కూడా 10 డిగ్రీలేనని సరిచూసుకున్నాం.

ఇంజెక్టర్ల లెక్క సరదాగా ఉంటుంది, మీరూ వేసుకోవచ్చు. 85 హార్స్‌పవర్ కావాలనుకున్నాం. టర్బో పెట్రోల్ ఇంజన్‌కి హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 250 గ్రాముల పెట్రోల్. అంటే గంటకి 21 కిలోల చిల్లర, నలుగురికి పంచితే తలా 5.3 కిలోలు. సీసీల్లోకి మార్చితే నిమిషానికి 120. ఇంజెక్టర్‌ని ఎప్పుడూ నూటికి నూరు శాతం తెరిచి ఉంచకూడదు, 80 శాతం దగ్గర ఆపాలి. అంటే 150 సీసీల ఇంజెక్టర్ కావాలి. మా పాతవి ల్యాబ్‌లో కొలిస్తే 115 తేలాయి. ఇంకో పెద్ద కారువి నాలుగు కొన్నాం.

తర్వాత నెలన్నర రోజులు టేబుళ్లే టేబుళ్లు. రాత్రి కలలో కూడా గళ్లే. ఒక టేబుల్ పెట్రోల్‌ది: అడ్డంగా ఇంజన్ వేగం, నిలువుగా పీడనం, ఒక్కో గడిలో సిలిండర్ ఎంత శాతం నిండుతుందో. ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, బూస్ట్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.8 దగ్గర ఉండేలా గడి గడీ సరిచేస్తూ పోవాలి. ఇది ఓపిక పని, ప్రమాదం తక్కువ, ఎందుకంటే తప్పు చేస్తే సెన్సర్ చెప్పేస్తుంది.

రెండో టేబుల్ స్పార్క్‌ది. ఇక్కడ తప్పు చేస్తే చెప్పేవాడు లేడు.

పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇవ్వాలి, మంట వ్యాపించడానికి టైం పడుతుంది కాబట్టి. ఎన్ని డిగ్రీల ముందు అన్నదే అడ్వాన్స్. కొంతవరకు ముందుకు జరిపితే బలం పెరుగుతుంది. అతిగా జరిపితే, మంట చేరేలోపే మూలల్లో మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను పేలిపోతుంది. అదే నాకింగ్. టర్బో పెడితే ఈ గీత ఇంకా దగ్గరికొస్తుంది. బూస్ట్‌లో ఒక్కో పీఎస్ఐకి ఒక డిగ్రీ వెనక్కి తగ్గించమని పాత ట్యూనర్ల లెక్క. అర బార్ అంటే ఏడు పీఎస్ఐ. బూస్ట్ లేనప్పుడు 27 ఉన్నచోట 148 కిలోపాస్కల్స్ దగ్గర మేం 19 పెట్టుకున్నాం.

ఈ నాకింగ్ బాధ కొత్తది కాదు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని అమెరికాలో వచ్చింది, టర్బోతో అమ్మిన మొదటి కార్లలో ఒకటి. కంప్రెషన్ 10.25. నాకింగ్ ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని కార్బురేటర్ దగ్గర చల్లే ఏర్పాటు చేశారు. దాని పేరు "టర్బో రాకెట్ ఫ్లూయిడ్". పేరు వింటే మన తెలుగు సినిమా విలన్ కనిపెట్టినట్టుంటుంది. కారు కొన్నవాళ్లు ఆ డబ్బా నింపడం మర్చిపోయేవాళ్లు. 1980ల మొదట్లో సాబ్ వాళ్లు ఇంజన్‌కి చెవి పెట్టారు. బ్లాక్ మీద నాక్ సెన్సర్ బిగించి, అది విన్న వెంటనే బూస్ట్ తగ్గించేలా చేశారు. ఇప్పటి టర్బో కార్లన్నిటికీ ఆ చెవి ఉంటుంది. మారుతి వాళ్లే 2017లో బలెనో ఆర్ఎస్‌లో 998 సీసీ టర్బో ఇంజన్ ఇచ్చారు, మా జెన్ కంటే ఐదు సీసీలే ఎక్కువ, వందకి పైగా హార్స్‌పవర్. అంటే అసాధ్యమైన పని కాదు. వాళ్లకి చెవి ఉంది, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉంది, టెస్ట్ బెడ్డులున్నాయి. మాకు స్టెతస్కోప్ ఉంది.

అవును, స్టెతస్కోపే. పంతులు చెల్లెలు ఎంబీబీఎస్. ఆమె పాత స్టెత్ తెచ్చి, గొట్టం చివర రాగి గొట్టం ముక్కని సుత్తితో చదును చేసి, బోల్టుతో బ్లాక్‌కి బిగించి, రబ్బరు గొట్టం కిటికీలోంచి లోపలికి లాగాడు. నేను లాప్‌టాప్‌తో, వాడు పక్కన డాక్టరులా. నాకింగ్ వస్తే మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు వినపడుతుంది. ఓసారి కావాలనే రెండు డిగ్రీలు పెంచి వాడికి వినిపించాను. వాడు చెయ్యెత్తగానే కాలు తీసేశాను. 19 దగ్గర ఎప్పుడూ చెయ్యెత్తలేదు.

ఫైనల్ రివ్యూ ముందు రోజు రాత్రి. సెకండ్ గేర్లో 3000 నుంచి 5500 దాకా ఎంత టైంలో వెళ్తుందన్నది మా కొలత. టర్బో లేకుండా 6.3 సెకన్లు, టర్బోతో 4.9. ఐదు కంటే తక్కువే, మంచి అంకె. కానీ టైటిల్ ఇచ్చిన రోజు నేను గైడ్ సార్ ముందు "నాలుగున్నర కొడతాం సార్" అనేశాను. ఆ నాలుగున్నర నా బుర్రలో మేకులా దిగిపోయింది.

పదకొండింటికి అందరూ పడుకున్నారు. నేను తాళాలు తీసుకుని కారు దగ్గరికెళ్లాను. 150 కిలోపాస్కల్స్ వరుసలో 3500 నుంచి 5000 దాకా గళ్లు సెలెక్ట్ చేసి 22 చేశాను. పరుగు తీశా, 4.7. చిటపట వినపడలేదు, అంటే స్టెత్ పెట్టుకోలేదు. 24. మళ్లీ పరుగు. 26. టైం 4.5.

ఆ రాత్రి గాలి చల్లగా ఉంది. లాగ్‌లో గాలి వేడి 44 డిగ్రీలే. గాలి వేడెక్కితే స్పార్క్ వెనక్కి జరిపే టేబుల్ ఒకటి స్పీడ్యునోలో ఉంది. దాన్ని తర్వాత నింపుదామని సున్నాలతో వదిలేసింది కూడా నేనే. సేవ్ కొట్టి, రూముకొచ్చి పడుకున్నా. పొద్దున ఎవరికీ చెప్పలేదు. రివ్యూలో 4.5 చూసి మనోళ్లు ఆశ్చర్యపోవాలని.

రివ్యూ మధ్యాహ్నం రెండింటికి. ఎక్స్‌టర్నల్ వచ్చేసరికి మూడు. అప్పటిదాకా ఇంజన్ ఐడిల్‌లో నడుస్తూ బానెట్ కింద పొయ్యిలా ఉంది. మొదటి పరుగు 4.8. రెండోది 4.9. రాత్రి కంటే నిదానం. అక్కడే ఆగాలి. బలం తగ్గిందంటే లోపల ఏదో తేడా ఉందని. సార్ల ముందు స్టెత్ పెట్టుకుంటే నవ్వుతారని పంతులు దాన్ని బ్యాగులో పెట్టేశాడు. మూడో పరుగులో ఫట్‌మని శబ్దం, వెంటనే వెనకాల నీలం పొగ. ఆపి బానెట్ ఎత్తాం. ఆయిల్ డిప్‌స్టిక్ దాని గొట్టంలోంచి ఎగిరి బయటికొచ్చి ఉంది. ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్‌కి వెళ్లే సిలికాన్ గొట్టం ఊడి పక్కకి వేలాడుతోంది.

ఊడిన గొట్టం అందరికీ కనపడింది. ఎక్స్‌టర్నల్ చూసి, "ఇన్‌టేక్ లీక్. మిక్స్చర్ లీన్ అయి పిస్టన్ పోయుంటుంది" అన్నారు. గైడ్ సార్ తలూపారు. పంతులు మొహం పాలిపోయింది. "ఆ క్లాంప్ పొద్దున నేనే బిగించాను సార్. సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు.

నాకు తెలుసు, అది కాదని. పైన గుర్తుపెట్టుకోమన్నానే, ఆ వాక్యం. మ్యాప్ సెన్సర్ మానిఫోల్డ్‌లో ఉంది. టర్బోకీ థ్రాటిల్‌కీ మధ్య గొట్టం ఊడితే బూస్ట్ పోతుంది, పీడనం వాతావరణం దగ్గరికి పడిపోతుంది, ఈసీయూ ఆ తగ్గిన గాలికే పెట్రోల్ పోస్తుంది. బండి నీరసపడుతుంది గానీ లీన్ అవ్వదు. స్పీడ్-డెన్సిటీ తీసుకుందామని వాదించి, ఈ సంగతి బోర్డు మీద రాసి వివరించింది నేనే. అక్కడ నిలబడి ఆ ఒక్క మాట చెప్పలేదు.

రాత్రి రూములో లాగ్ తెరిచాను. మొదటి పరుగు నుంచే 26. గాలి వేడి 66, 69, 71. గాలి-పెట్రోల్ నిష్పత్తి చివరిదాకా 11.8, 11.9. ఎక్కడా లీన్ కాలేదు. ముందు ఇంజన్ వేగం పెరగడం తడబడింది, ఆ తర్వాతే పీడనం 148 నుంచి 99కి పడింది. అంటే ముందు పిస్టన్ పోయింది, తర్వాత గొట్టం ఊడింది. పక్క మంచం మీద పంతులు అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది.

ఆటోనగర్‌లో హెడ్ విప్పాం. మూడో సిలిండర్ పిస్టన్ అంచు మీద ఎలుకలు కొరికినట్టు గుంటలు. మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండే గట్టు ముక్కలైపోయింది. ప్లగ్ పింగాణీ మీద మెరిసే చిన్న చుక్కలు, కరిగిన అల్యూమినియం. మేస్త్రిగారు ప్లగ్‌ని వెలుతురులో తిప్పి చూసి, మమ్మల్ని చూసి, "టైమింగ్ ఎవరు పెట్టారు?" అన్నాడు.

"19 పెట్టాం మేస్త్రిగారూ, అది సరిగ్గానే ఉంది. నా గొట్టం ఊడింది" అన్నాడు పంతులు.

ఆయన నన్ను చూశాడు. నేను స్పానర్ తుడుస్తున్నాను.

పిస్టన్ సెట్టు, రింగులు, గాస్కెట్లు, హోనింగ్ కలిపి పద్నాలుగు వేలు. పంచుకుందామన్నాం. పంతులు ఒప్పుకోలేదు. వాళ్ల నాన్న కొరియర్ ఆఫీసులో పనిచేస్తాడు. వీడు రెండు సెమిస్టర్లు ఆదివారాలు ట్యూషన్లు చెప్పి, గేట్ కోచింగ్‌కని దాచుకున్న డబ్బులున్నాయి. అవి తీశాడు. "నా తప్పుకి మీరెందుకు ఇవ్వాలి" అన్నాడు. రిపోర్టులో "వైఫల్య విశ్లేషణ" చాప్టర్ కూడా వాడే రాశాడు, క్లాంపుల గురించి నాలుగు పేజీలు, బొమ్మలతో సహా. దాన్ని టైపు చేసి పెట్టమని నాకే ఇచ్చాడు.

మూడు పేజీలు టైపు చేశాను. నాలుగోది చెయ్యలేకపోయాను.

క్యాంటీన్‌లో వాడి ముందు లాప్‌టాప్ పెట్టి ఆ వరుస చూపించాను. ఏమీ మాట్లాడలేదు, వేలు మాత్రం పెట్టాను. వాడు కింద వరుస చూశాడు, పైకి జరిపాడు, రాత్రి పదకొండింటి లాగ్ కూడా తెరిచాడు. 22, 24, 26.

"ఎన్ని రోజుల నుంచి తెలుసు నీకు?"

"మొదటి రోజు నుంచే. పదకొండు రోజులు."

వాడు తిట్టి ఉంటే బాగుండేది. టీ తాగడం పూర్తి చేశాడు. రెండు టీల డబ్బులూ ఇచ్చేసి వెళ్లిపోయాడు. ఆ రాత్రి వేరే రూములో పడుకున్నాడు.

మర్నాడు గైడ్ సార్ దగ్గరికెళ్లి చెప్పాను. చాలాసేపు రిపోర్టు తిరగేసి, "ఈ చాప్టర్ నువ్వు రాయి, లాగ్ గ్రాఫులు పెట్టి" అన్నారు. మార్కుల సంగతి నేనడగలేదు. నాకు తక్కువొచ్చాయి, మిగతా ముగ్గురికీ తగ్గలేదు. పద్నాలుగు వేలకి నా ఫోన్ అమ్మాను, మిగిలింది అమ్మనడిగాను. దేనికని అడిగితే అమ్మకి కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. పెదనాన్నకి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. ఆయన అంతా విని, "ముక్కలైతే గోనెసంచిలో లేదుగా" అన్నాడు. నవ్వాడో లేదో ఫోన్లో తెలియలేదు.

ఇంజన్ కట్టేరోజు పంతులు ఆటోనగర్ వస్తాడనుకోలేదు. వచ్చాడు. నాతో మాట్లాడలేదు. "పన్నెండు ఇయ్యి." "టార్క్ రెంచ్." "ఆ దీపం ఇటు పట్టు." అంతే, సాయంత్రం దాకా. మధ్యలో ఓసారి లేచి, నేను బిగించిన ఎర్ర కోన్ ఫిల్టర్ విప్పి బెంచీ కింద పడేశాడు. గ్రిల్ వెనక నుంచి పీవీసీ మోచేతులూ, అల్యూమినియం గొట్టంతో దారి వేశాడు. రెండు నెలల కిందట గీసిన డ్రాయింగే, నోట్‌బుక్‌లో దాచుకున్నాడు. ఆ తర్వాత ఏప్రిల్ ఎండలో అదే రోడ్డు మీద తీసిన పరుగుల్లో గాలి వేడి 58 దాటలేదు. ఈల కూడా తగ్గిపోయింది.

కొత్త పిస్టన్ రింగులు కూర్చున్నాక స్పార్క్ టేబుల్ మళ్లీ మొదలుపెట్టాం. వాడు స్టెత్ చెవుల్లో పెట్టుకుని లాప్‌టాప్ కూడా తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. నేను డ్రైవింగ్ సీట్లో. 17 దగ్గర మొదలు. పరుగుకి అర డిగ్రీ. గాలి వేడి టేబుల్ ముందే నింపాడు, 50 డిగ్రీలు దాటితే ఒకటి, 60 దాటితే మూడు, 70 దాటితే ఆరు వెనక్కి. 19 దగ్గర ఆపేశాడు. టైం 4.8.

"ఇంకో అర డిగ్రీ?" అన్నాను, అలవాటుగా.

వాడు చెవుల్లోంచి స్టెత్ తీయకుండానే నా వైపు చూశాడు. నేను బండి న్యూట్రల్‌లో పెట్టాను.

జెన్ ట్రాలీ దిగి పెదనాన్న తోటలోకి సొంత కాళ్ల మీదే వెళ్లింది. ఆయన రోజూ పొద్దున్నే గేటు నుంచి బోరు దాకా వేసుకెళ్తున్నాడట, కొబ్బరి మట్టలు వెనక సీట్లో వేసుకుని. బూస్ట్ ఎక్కడా రాదు, ఫస్ట్ గేర్లోనే వెళ్తాడు. పంతులు మళ్లీ మా రూముకే వచ్చేశాడు, సెమిస్టర్ చివరి పది రోజులకి. ట్యూన్ ఫైల్ మాత్రం వాడి లాప్‌టాప్‌లోనే ఉంది. నేనడగలేదు, వాడూ ఇవ్వలేదు.